తీయడం, దిగడం

ఫొటో విషయంలో తెలుగు ఒక ముచ్చటైన పని చేసింది. కెమెరా వెనకున్న మనిషికీ ముందున్న మనిషికీ చెరొక క్రియ ఇచ్చింది. వెనకున్నవాళ్ళు ఫొటో తీస్తారు, ముందున్నవాళ్ళు ఫొటో దిగుతారు. ‘మొన్న పెళ్ళిలో అందరం కలిసి ఫొటో దిగాం’ అంటాం. ఏట్లోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు ఫొటోలోకి దిగుతాం. దిగడం దిగేవాళ్ళు చేసే పని. అందులో వాళ్ళ కాళ్ళున్నాయి, వాళ్ళ నిర్ణయం ఉంది. ఉన్నట్టు భాష అయినా ఒప్పుకుంటోంది.

సీతాకోకచిలుక మాత్రం ఫొటో దిగదు. ‘ఈరోజు రెండు తూనీగలు ఫొటో దిగాయి’ అంటే పిల్లలు కూడా నవ్వుతారు. వాటిని మనం తీస్తాం, అంతే. ముల్లు తీసినట్టు, తేనె తీసినట్టు ఉన్నచోటునుంచి బయటికి తీస్తాం. దిగడం తెలియనిదాన్ని, దిగనని చెప్పలేనిదాన్ని అంత దగ్గరికెళ్ళి తీసే హక్కు మనకు ఎక్కణ్ణించి వచ్చింది? వచ్చిందే అనుకుందాం, ఆ హక్కుతోపాటు మనమీద పడే బాధ్యత ఏమిటి? ప్రకృతి ఫొటోగ్రఫీ చేసేవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే ప్రశ్న కాదిది. వాళ్ళు లెన్సుల గురించి, వెలుతురు గురించి మాట్లాడుకుంటారు. చూపు గురించి ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్న మనం అడగాల్సిన ప్రశ్న ఇది అని నాకనిపిస్తోంది.

అయితే ‘దిగడం’ అన్న మాటను మరీ నమ్మడానికీ లేదు. నా తరం ఆడపిల్లల్లో చాలామంది పద్ధతిగా దిగిన మొదటి ఫొటో సంబంధాలకు పంపే ఫొటో. పిన్ని పట్టుచీర, స్టూడియోలో నీలం తెర, కుర్చీ వీపు మీద ఒక చెయ్యి, ‘గడ్డం కొంచెం దించమ్మా, నవ్వు, మరీ అంత వద్దు’ అనే గొంతు. ఆ ఫొటో కొన్ని కవర్లలో, కొన్ని ఈమెయిళ్ళలో నాకు ముఖపరిచయం కూడా లేని ఇళ్ళకు వెళ్ళింది. ఎన్ని ఇళ్ళనుంచి తిరిగొచ్చిందో అమ్మకు తెలుసు, ఎన్ని ఇళ్ళలో ఉండిపోయిందో ఎవరికీ తెలియదు. వ్యాకరణం ప్రకారం ఆ ఫొటో నేను దిగాను. జరిగిందేమో తీయడమే. కెమెరావైపు చూస్తూ నిలబడినంత మాత్రాన దిగినట్టు కాదు. దిగనని అనగలిగే వీలున్నప్పుడే దిగడం దిగడమవుతుంది. ఈ కొలత మనుషులకైతే అర్థమవుతుంది. పురుగుకు ఎలా వర్తిస్తుంది?

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి, సిద్ధాంత గ్రంథం సమర్పించాక, పుస్తకాలనుంచి తల తిప్పుకోవడానికని మొదలుపెట్టిన అలవాటు నాది. సెలవు దొరికితే మైపాడు, కొత్తకోడూరు వైపు వెళ్తాను. సముద్రం కోసం వచ్చేవాళ్ళు దాటిపోయే జాగా నాకు కావలసిన జాగా. సరుగుడు తోటల అంచులు, బకింగ్‌హామ్ కాలువ గట్లు, ఉప్పుటేటి పక్కన చవిటినేల. జిల్లేడు, గిలిగిచ్చ, పాయలకూర, ఇసుక మీద పాకే ఊదాపూల తీగ. ఎండ ముదరకముందు రెక్కలారబెట్టుకునేవన్నీ అక్కడ దొరుకుతాయి.

మాక్రో లెన్స్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పురుగును దాని అసలు సైజులోనే సెన్సర్ మీదికి తెచ్చేది ఈ లెన్స్. దానికోసం లెన్స్ ముఖాన్ని పురుగుకు జానెడు దూరానికి, ఒక్కోసారి ఇంకా దగ్గరికి, తీసుకెళ్ళాలి. అంత దగ్గరలో స్పష్టంగా పడే మందం మిల్లీమీటరు లెక్క. తూనీగ కన్ను స్పష్టంగా ఉంటే రెక్క చివర మసకబారుతుంది. రెక్క వెనకాల ఉన్న లోకమంతా మెత్తటి రంగుగా కరిగిపోతుంది. ఈ కరగడాన్నే అందరూ మెచ్చుకుంటారు. ‘బ్యాక్‌గ్రౌండ్ ఎంత క్లీన్‌గా ఉందో’ అంటారు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు కెమెరా పట్టుకున్న ఆడమనిషి సంగతి చెప్పాలి. మైదానంలో, గట్టు మీద, పదిమంది నడిచే దారిపక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొన్నిసార్లు బోర్లా పడుకుని చూడాల్సిన పని ఇది. మగవాడు అలా పడుకుంటే ఏదో పనిలో ఉన్నాడనుకుంటారు. ఆడది పడుకుంటే ఆగి చూస్తారు. ‘ఒక్కరే వచ్చినారా మేడమ్?’ అని అడుగుతారు. బైకు ఒకసారి దాటి వెళ్ళి, రెండోసారి నెమ్మదిగా తిరిగొస్తుంది. తూనీగ కన్నులో వేల చిన్న కన్నులుంటాయి, పెద్ద జాతుల్లో అవి ముప్ఫై వేల దాకా ఉంటాయంటారు. దాని వెనకనుంచి వచ్చినా దానికి తెలుస్తుంది. నాకున్నవి రెండే కాబట్టి ఒకటి వ్యూఫైండర్లో పెట్టి, రెండోదాన్ని దారి మీద ఉంచుతాను. చూస్తున్నప్పుడు కూడా చూడబడుతూ ఉండటం ఆడవాళ్ళకు అలవాటైన శ్రమ. 1975లో లారా మల్వీ సినిమాలో మగచూపు గురించి రాసిన వ్యాసాన్ని క్లాసురూముల్లో చాలాసార్లు చర్చించుకున్నాం. చూసే పని మగవాడిది, కనబడే పని ఆడదానిది అన్న ఆ విభజన ఎంత నిజమో చవిటినేల మీద ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఒళ్ళంతా తెలుస్తుంది.

అందమైనదాన్ని చూసి ముచ్చటపడిన ఆడదానికి మన కథల్లో పడిన శిక్ష చిన్నది కాదు. బంగారులేడిని చూసి సీత అడిగింది. ప్రాణంతో దొరికితే అయోధ్యకు తీసుకెళదామంది, చనిపోతే చర్మం మీద కూర్చుంటానంది. అక్కణ్ణించి మొదలైన అనర్థానికంతా ఆమె కోరికే కారణమని మన పెద్దలు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. అదే సీత కట్టుకున్న కోకను ఒక పురుగు రెక్కలకు పేరుగా పెట్టుకున్నది కూడా మన భాషే! సీత అడిగిన రెండింటిలో మూడో దారి లేదు: పట్టుకోవడం, లేదా చంపడం. కెమెరా ఆ మూడో దారి ఇచ్చినట్టు కనిపిస్తుంది. లేడి లేడిగా ఉంటుంది, చూసిన ముచ్చటా తీరుతుంది. కనుక ఆడవాళ్ళు కెమెరా పట్టుకుని ‘నేను చూస్తాను’ అనడం నాకు ఇష్టమైన విషయమే. ఆ ఇష్టాన్ని దాచుకోకుండానే అడుగుతున్నాను, మూడో దారి నిజంగా అంత శుభ్రమైనదేనా?

దగ్గరగా చూడటం వల్ల వచ్చే మేలు మొదట చెప్పుకోవాలి. నెల్లూరు తీరంలో జిల్లేడు ఉన్నచోటల్లా కనబడే నారింజరంగు సీతాకోకచిలుక ఉంది, ప్లెయిన్ టైగర్ అంటారు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు జిల్లేడాకులు తిని, ఆ విషాన్ని ఒంట్లో నిలవ చేసుకుంటుంది. పక్షులు ఒకసారి నోట్లో పెట్టుకుంటే మళ్ళీ దాని జోలికి రావు. దాని పక్కనే అచ్చం అలాగే ఉండే ఇంకొకటి ఎగురుతుంది, డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. ఇది పెరిగింది పాయలకూర మీద. ఒంట్లో ఆ విషం లేదు, వేషం మాత్రం ఉంది. దీని మగదానికి ఆ వేషం కూడా లేదు, నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చలతో వేరే జాతిలా ఉంటుంది. ఆడదీ, ప్లెయిన్ టైగరూ దూరంనుంచి ఒకటే. దగ్గరికెళ్తే వెనక రెక్క మీద మచ్చల లెక్క తేడా చెబుతుంది. ప్లెయిన్ టైగర్‌కు మూడో నాలుగో, ఎగ్‌ఫ్లైకి ఒకటే.

విషం ఉన్నదానిలా కనబడి బతకడం, విషం ఉండి బతకడం రెండూ ఒకటి కావు. ఈ తేడా మన సాహిత్య చరిత్రకూ తెలుసు. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు తెలుగులో స్త్రీల గొంతు ఒకటిగా వినబడింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చి, దళిత స్త్రీల సాహిత్యాన్ని విడిగా, దగ్గరగా చూడమంది. దూరంనుంచి ఒక్క రంగుగా కనబడిన ‘స్త్రీ’లో ఎన్ని మచ్చల లెక్కలున్నాయో ఆ దశాబ్దపు చర్చలే నేర్పాయి. దగ్గరగా చూడటం గౌరవించడంలో మొదటి మెట్టు. ఈ మాట మీద నాకు అనుమానం లేదు.

చిక్కల్లా మొదటి మెట్టునే చివరి మెట్టనుకోవడంలో ఉంది. ఫొటో కోసం పురుగును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చలికి కొయ్యబారాక ఆకు మీద పెట్టి తీసేవాళ్ళున్నారు. మంచుబిందువుల కోసం నీళ్ళు చల్లేవాళ్ళున్నారు. అడ్డొచ్చిన కొమ్మను విరిచి గూడును ఎండకూ కాకులకూ వదిలేసి వెళ్ళేవాళ్ళున్నారు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే పిల్లల ఆటకూ దీనికీ ఒకటే తేడా, పిల్లలు దాన్ని ప్రకృతిప్రేమ అనరు. ఇవి ఎవరైనా తప్పనగలిగినవి. ఇంతకన్నా చప్పుడు చేయని తప్పు ఫొటో కింద రాసే మాటల్లో ఉంది.

జతకట్టిన తూనీగల ఫొటో కింద ఎప్పుడూ ‘ప్రేమ’ అనో ‘హనీమూన్’ అనో ఉంటుంది. రెండు ఒళ్ళూ కలిసి హృదయాకారంలో వంగుతాయి కనుక ఆ మాట సులువుగా దొరుకుతుంది. ఆ వంపు దగ్గర ఏం జరుగుతోందో 1979లో జొనాథన్ వాగే అనే శాస్త్రవేత్త సూదితూనీగల్లో చూపించాడు. మగది తన వీర్యాన్ని వదలడానికి ముందు, ఆడదాని లోపల అంతకుముందు వేరే మగది వదిలిన వీర్యాన్ని గీకి బయటికి తీసేస్తుంది. చాలా జాతుల్లో జతకట్టడం అయ్యాక కూడా, ఆడది గుడ్లు పెట్టేదాకా మెడ పట్టుకుని వదలదు, లేదా పైనే కాపలా తిరుగుతుంది. మన తీరంలో మామూలుగా కనబడే టానీ కాస్టర్ సీతాకోకచిలుకలో మగది, ఆడది ఇంకో మగదానితో కలవకుండా దాని ఒంటికి ఒక బిరడా వేసి పోతుంది. 2017లో రసీం ఖెలీఫా స్విట్జర్లాండ్‌లో ఒక జాతి తూనీగలను గమనించి ప్రచురించిన విషయం ఇంకా వింత. మగది వెంటబడినప్పుడు కొన్ని ఆడవి గాల్లోంచి కింద పడి, వెల్లకిలా చచ్చినట్టు పడి ఉంటాయి. అది వెళ్ళిపోయాక లేచి ఎగిరిపోతాయి.

ఇది చదివితే మనకు ఏదో అర్థమైపోయినట్టు ఉంటుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. తూనీగకు పెళ్ళి లేదు, కట్నం లేదు, పరువు లేదు. దాని కథ మన కథకు సాక్ష్యం కాదు. ‘ప్రకృతిలోనే అలా ఉంది’ అన్న వాక్యం ఆడవాళ్ళ మీద ఎన్నిసార్లు ప్రయోగించారో తెలిసినవాళ్ళం, అదే వాక్యాన్ని మనకు అనుకూలంగా తిప్పుకోలేం. ‘ప్రేమ’ అన్న మాట తప్పయితే ‘అత్యాచారం’ అన్న మాటా తూనీగ భాషలోది కాదు. నేననేది చిన్న విషయం. మిల్లీమీటరు దగ్గరికి వెళ్ళి కూడా, అక్కడ ఏం జరుగుతోందని అడగకుండా, ఇంటినుంచి తెచ్చుకున్న మాటనే అతికించి వస్తే అది చూడటం కాదు. తన పిల్లి తనను నగ్నంగా చూసిందన్న చోటునుంచి డెరిడా పెద్ద తాత్విక ప్రసంగమే చేశాడు. 2008లో డొనా హారవే ఆయన్ని అడిగినది సూటి ప్రశ్న: ఆ పొద్దున ఆ పిల్లి ఏం చేస్తోందో తెలుసుకోవాలని నీకెందుకు అనిపించలేదు? కుతూహలం కూడా ఒక నైతిక బాధ్యతే అన్నది ఆమె పట్టు. దగ్గరితనం లెన్స్ ఇస్తుంది. కుతూహలం మనం తెచ్చుకోవాలి.

ఇప్పుడు మసక దగ్గరికి వస్తాను. ఉప్పుటేటి గట్టు మీద నేను తీసే ఫొటోల్లో వెనకాల కరిగే ఆకుపచ్చ చాలాసార్లు రొయ్యల గుంట గట్టు. ఆ బూడిదరంగు గుంటలో తిరిగే ఏరేటర్. ఎప్పుడైనా ఒక ఎర్రటి మరక పడితే, అది మోకాళ్ళలోతు నీళ్ళలో చేత్తో తడుముతూ పీతలు పట్టే ఒక యానాది పెద్దామె చీర. కాలువ గట్టున నాలుగైదుసార్లు కలిశాక ఆమే పలకరించింది.

‘‘ఏం జేసుకుంటావమ్మా ఆ పురుగుని?’’

‘‘ఏమీ లేదు పెద్దమ్మా, ఫొటో తీసుకుంటా, అంతే.’’

‘‘తీసుకో. నన్ను మాత్రం తియ్యబాక.’’

ఎందుకని నేను అడగలేదు, ఆమే చెప్పింది. రేషన్‌కు దిగినాం, ఆధార్‌కు దిగినాం, వరదప్పుడు బియ్యం సంచీ పట్టుకుని దిగినాం, ఇంక దిగేది లేదు అంది. అని మళ్ళీ నీళ్ళలోకి వంగింది. ‘దిగడం’ అన్న మాట గురించి నేను చదివిన ఏ సిద్ధాంతంలోనూ ఇంత కచ్చితమైన వాక్యం లేదు. కెమెరా ముందు నిలబడకపోతే బియ్యం రాని చోట దిగడం ఏమిటి?

ఆమె వాళ్ళను తీయడం ఈనాటిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణభారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల ముక్కులూ తలలూ పరికరాలతో కొలిచి పట్టికలు కట్టినవాడు. ఏడో సంపుటంలో యానాదులున్నారు. ఆ సంపుటాల్లో చాలా ఫొటోల కింద మనిషి పేరుండదు. తెగ పేరో, చేస్తున్న పని పేరో ఉంటుంది. సీతాకోకచిలుక ఫొటో కింద మనం జాతిపేరు రాసి ఊరుకోవడం సరిగ్గా అదే పద్ధతి. పురుగు విషయంలో అది శాస్త్రం. మనుషుల విషయంలో అదే పద్ధతి చట్టం దాకా వెళ్ళింది. యానాదుల్లో కొందరు నేరస్థ తెగల చట్టం కిందికి వచ్చారు. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఆ ముద్రకు వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పనిచేసి, 1962లో యానాదుల మీద పుస్తకం తెచ్చారు. చట్టం 1952లో పోయింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంపిక చేశాక ఆ దీవి అడవిలోని యానాది కుటుంబాలు చాలావరకు చోటు వదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరే ఫొటోలోనూ బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గానే ఉంటుంది.

ఇది పురుగుల ఫొటోలు మానేసి మనుషుల ఫొటోలు తీయమని చెప్పే వాదన కాదు. ఆమె వద్దంది, అక్కడితో అయిపోయింది. ప్రశ్న వేరు. ఆమెను తీయకుండానే ఆమె ఉన్న లోకాన్ని మసకలోంచి ఎలా బయటికి తేవాలి?

దీనికి మూడువందల ఏళ్ళ కిందటి ఒక ఆడమనిషి దగ్గర సగం జవాబు దొరికింది. మరియా సిబిల్లా మేరియన్ కెమెరా పుట్టడానికి చాలా ముందరి క్లోజప్ చిత్రకారిణి. గొంగళిపురుగు ఏ ఆకు తింటుందో ఆ ఆకుతో సహా, గుడ్డునుంచి రెక్కల దాకా ఒకే పేజీలో గీసేది. 1699లో, యాభై దాటిన వయసులో, చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళింది. డచ్చివాళ్ళ చెరకుతోటల వలస అది, బానిసల శ్రమ మీద నడిచేది. 1701లో తిరిగొచ్చి, 1705లో పుస్తకం వేసింది. అందులో ఒక పేజీ మీద మనకు బాగా తెలిసిన పువ్వుంది, రత్నగంధి. తురాయిని చిన్నది చేసినట్టుండే ఆ ఎర్రపసుపు పూలచెట్టు నెల్లూరులో ఎన్నో ఇళ్ళ ముందుంటుంది, సీతాకోకచిలుకలు దాన్ని వదలవు. మేరియన్ ఆ పువ్వును, దాని మీద ఒక చిమ్మటను, దాని పురుగును గీసి, పక్కన మాటల్లో ఇంకొక సంగతి రాసింది. అక్కడి బానిస స్త్రీలు, తమ పిల్లలు బానిసలుగా పుట్టకూడదని ఈ చెట్టు గింజలతో గర్భం పోగొట్టుకుంటారని, ఆ మాట వాళ్ళే తనతో చెప్పారని.

బొమ్మలో ఆ స్త్రీలు లేరు. మాటల్లో ఉన్నారు, చెప్పినవాళ్ళుగా ఉన్నారు. పువ్వు ఎంత అందమైనదో అంత బరువైనదని ఆ నాలుగు వాక్యాల తర్వాత ఎవరూ మరిచిపోలేరు. మేరియన్‌ను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ వలస శ్రమ మీదే ఆమె పుస్తకం తయారైంది. అడవిలో దారి కొట్టింది బానిసలు, పురుగులు తెచ్చి ఇచ్చింది వాళ్ళూ స్థానిక ఆదివాసులూ. తిరిగొస్తూ ఒక ఆదివాసీ స్త్రీని వెంట తెచ్చుకుంది. ఆమె పేరు పుస్తకంలో లేదు. అయినా ఆ పేజీ ఒక పని చేసి చూపించింది. చిత్రం మసక చేసినదాన్ని మాట వెనక్కి తేగలదు. దగ్గరగా చూడటానికి ఎవరి శ్రమ, ఎవరి నేల, ఎవరి జ్ఞానం కారణమయ్యాయో చెప్పకుండా ఉండటం కెమెరా లోపం కాదు, పక్కన రాసే మనిషి నిర్ణయం.

అందుకే నా ఫొటోల కింద జాతిపేరు ఒక్కటే రాయను. అది ఏ ఆకు మీద పుట్టిందో, ఆ ఆకు ఎవరి గట్టు మీద ఉందో, గట్టుకు అవతల ఏముందో రాస్తాను. పోటీలకు పంపేవాళ్ళు ఇంత రాత ఎందుకంటారు. బొమ్మే మాట్లాడాలంటారు. బొమ్మ మాట్లాడుతుంది, నిజమే. కానీ మసకబారినవాటి తరఫున మాట్లాడదు.

ఇక పురుగు సంగతి. దిగనని అనగలిగితేనే దిగడం అన్నాను. పురుగు ఆ మాట అనలేదు, కానీ లేచి పోగలదు. దానికున్న ‘కాదు’ అదొక్కటే. చల్లబరిచి, కట్టేసి, కొమ్మ విరిచి తీసేవాళ్ళు లాక్కునేది సరిగ్గా దాన్నే. ఎగిరిపోయే దారి తెరిచి ఉంచి, చేస్తున్న పనికి అడ్డం రాకుండా, జానెడు దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు అది ఉండిపోతే, దాన్ని ఒప్పుకోవడం అనలేం. పట్టించుకోకపోవడం అనవచ్చు. ఆ పట్టించుకోకపోవడమే మనకు దొరికే అనుమతి. వానాకాలం చివర మన తీరం మీద గుంపులుగా తేలే పసుపు తూనీగలున్నాయి. ఈ జాతి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుందని 2009లో చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. అంత ప్రయాణం పెట్టుకున్నదానికి నా షట్టరు తెరుచుకున్న వెయ్యో వంతు సెకను ఒక సంఘటన కాదు. కాకూడదు కూడా.

ఆడవాళ్ళం చూసే హక్కు కోసం చాలాకాలం కొట్లాడాం, ఇంకా కొట్లాడుతున్నాం. చూడబడటం ఎలా ఉంటుందో మనకు తెలుసు కనుక మన చూపు దానంతటదే మెత్తగా ఉంటుందనుకోవడానికి వీల్లేదు. లెన్స్ మనిషిని చూసి మారదు. పీతల కోసం నీళ్ళలోకి వంగిన ఆ పెద్దామె కట్టుకున్న ఎర్రచీర నా ఫొటో మూలన మరకగా పడితే అందంగానే ఉంటుంది, ఆమెదని ఎవరూ గుర్తుపట్టరు. అయినా ఆమె లేని కోణం వెతుక్కుని కూర్చోవడం, ఆమె ఉన్నదన్న మాట పక్కన రాయడం, ఆ రెండూ నా పనులే. సీత కోక పేరు పెట్టుకున్న పురుగును తీసేటప్పుడు, ఆ కోక ఎవరిదో మరిచిపోకుండా ఉండటం అంత కష్టమేమీ కాకూడదు.